నడుస్తున్న గడియారానికి తీసిన ఫొటో

డిసెంబర్ 3

ప్రచురణకర్త ఫొటో పంపాడు. పాతకాలపు జేబు గడియారం, వెనక మూత తీసి, లోపలి యంత్రమంతా కనిపించేలా. గడియారాల మీద వేస్తున్న పుస్తకం మొదటి పేజీలో నా ఎచింగ్, రాగిరేకు మీద గీసి తీసే అచ్చు, రావాలట. "మీ నాన్నగారు గడియారాలు బాగుచేసేవారని ఒకసారి అన్నారు కదండీ, అందుకే మీకే ఇస్తున్నా" అన్నాడు ఫోన్లో. నెలాఖరుకి కావాలి.

ఎన్ని పళ్ళచక్రాలో! ఒక్కో పన్నూ చీమ కాలంత. పోయినేడాది అయితే పొద్దున సూది పట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేచేదాన్ని, బొమ్మ పూర్తయ్యేది.

ఈసారి వేరే విధంగా చేద్దామనుకుంటున్నాను. గీయడం కాదు, ఫొటోని తిన్నగా రాగిరేకు మీదికి దించేయడం. ఇన్నాళ్ళూ ఆ పని చేసేవాళ్ళని కాపీరాయుళ్ళని వెక్కిరించాను. వెక్కిరిస్తే వెక్కిరించాను గానీ, అసలది ఎలా దిగుతుందో తెలుసుకోవద్దూ? కుతూహలం. అంతకు మించి ఏమీ లేదు.

చెయ్యి బాగానే ఉంది. పొద్దున చలికి కాస్త.

డిసెంబర్ 4

చక్రానికి చెప్పాను. మా ప్రెస్సుకి ఓడ చుక్కానిలాంటి పెద్ద చక్రం ఉంది, దాన్ని తిప్పేది ఆయనే కాబట్టి అందరికీ ఆయన చక్రమే. వర్క్‌షాప్‌లో ఉన్నది మేమిద్దరం. రేకులు నావి, అచ్చు ఆయనది. నాకు యాభై దాటినా ఆయనకి ఇంకా అమ్మాయినే.

"నువ్వా? ఫొటో దించుతావా? అమ్మాయ్, జ్వరం గానీ వచ్చిందా?"

"కుతూహలం అన్నయ్యా."

"ఓహో" అన్నాడు. ఆయన ఓహోలు నాకు నచ్చవు.

పద్ధతి మాత్రం తెగ నచ్చింది. రోజూ చేసే పనిలో రేకుకి మైనం పూసి, సూదితో గీసి, ఫెర్రిక్‌లో ముంచుతాం. మైనం లేచిపోయిన గీతల్లో ఆ గోధుమరంగు నీళ్ళు రాగిని తింటాయి. తిన్నచోట సిరా నిలుస్తుంది, అచ్చు పడుతుంది. ఇందులో మైనానికి బదులు జిరాక్స్ మెషీన్ పొడి. జిరాక్స్ కాగితాన్ని రేకు మీద బోర్లా వేసి వేడి చేస్తే ఆ నల్లపొడి కరిగి రాగికి అంటుకుంటుందట. పొడి ఉన్నచోట ఫెర్రిక్ తినలేదు. అంటే మనకి గీత కావాలంటే అక్కడ పొడి ఉండకూడదు. కాబట్టి ముందే నలుపుని తెలుపు, తెలుపుని నలుపు చేసి జిరాక్స్ తీయాలి. భోంచేస్తూ కూడా ఇదే ఆలోచిస్తున్నాను. అన్నీ తలకిందులు చేస్తే గానీ సరిగ్గా రాని పని ఇది.

డిసెంబర్ 6

"అక్కా, నా ఇస్త్రీ పెట్టెతో ఏం చేస్తున్నావ్?"

"గడియారం ఇస్త్రీ చేస్తున్నా."

చెల్లి లెక్కల టీచరు. నాతోనే ఉంటుంది. నేను చేసే ఏ పనికీ ఆశ్చర్యపోకూడదని ఎప్పుడో నిర్ణయించుకుంది, కానీ ఇస్త్రీ పెట్టె దగ్గర ఆ నిర్ణయం నిలవలేదు. మొదటిసారి వేడి చాలలేదు, పొడి కాగితానికే ఉండిపోయింది. రెండోసారి ఎక్కువైంది, పళ్ళన్నీ కరిగి ముద్దైపోయాయి. మూడోసారి పెట్టెను లాగకుండా అదిమి, ఎత్తి, మళ్ళీ అదిమి, తర్వాత రేకుని నీళ్ళలో నానబెట్టి కాగితాన్ని వేలితో రుద్దాను. కాగితం ఉండలు ఉండలుగా ఊడొచ్చింది. కింద గడియారం! ప్రతి పన్నూ! నలుపు నడుమ రాగిరంగు గీతలతో, ఎవరూ గీయని బొమ్మ. చెల్లి అప్పటికే వెళ్ళిపోయింది, వినేవాళ్ళు లేకపోయినా పైకే "అబ్బా!" అన్నాను.

డిసెంబర్ 7

చెల్లి బడి నుంచి వచ్చీ రాగానే వీపు చూపించింది. తెల్ల కుర్తా మీద సగం పళ్ళచక్రం.

"నీ పుణ్యమా అని పొద్దుటి నుంచి నన్ను గడియారం టీచర్ అంటున్నారు."

పెట్టెకి అంటుకున్న పొడి అది. ఉతికినా పోలేదు. అంటే అంత గట్టిగా పట్టుకుంటుందన్నమాట! ఈ మాట పైకన్నాను. తిట్లు పడ్డాయి.

డిసెంబర్ 8

మొదటి అచ్చు తీశాం. చక్రం కాగితం ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"అమ్మాయ్, ఇది వెనక్కి నడిచే గడియారమా?"

యంత్రం మీద చెక్కిన అంకెలన్నీ అద్దంలో చూసినట్టు ఉన్నాయి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేత్తో గీసేటప్పుడు రేకు మీద బొమ్మని కుడిఎడమలు మార్చి గీస్తాం, అచ్చులో తిరగబడి సరవుతుంది. ఇందులో కాగితాన్ని బోర్లా వెయ్యగానే బొమ్మ తనంతట తనే తిరగబడుతుంది. నేను తిప్పక్కర్లేదు. కానీ ఏళ్ళ అలవాటు, జిరాక్స్ షాపులో నా నోరు దానంతటదే "తిప్పి తీయండి" అంది. కొత్తగా చేరినవాళ్ళు తిప్పడం మరిచిపోయి పాడుచేస్తారు. నేను తిప్పడం మానలేక పాడుచేశాను.

చక్రం నవ్వీ నవ్వీ స్టూలు మీద కూలబడ్డాడు. నేనూ నవ్వాను. ఈమధ్య అంతలా నవ్వింది లేదు.

డిసెంబర్ 10

రెండో రేకు. అన్నీ వచ్చాయి. అంకెలు సరిగ్గా ఉన్నాయి. ఒక్కచోట తప్ప.

గడియారంలో ఊగే చక్రం ఒకటి ఉంటుంది. దాని మీద చుట్టలు చుట్టుకున్న సన్నటి తీగ హెయిర్ స్ప్రింగు, నిజంగానే వెంట్రుకంత. ఫొటోలో అది లేదు. దాని బదులు బూడిదరంగు మసక. భూతద్దంతో ఎంత చూసినా మసకే. చివరికి అర్థమైంది. ఫొటో తీసేటప్పుడు గడియారం నడుస్తోంది. మిగతావన్నీ కదలనంత మెల్లగా కదులుతాయి, ఇదొక్కటే వణుకుతూ ఉంటుంది. ఫొటోకి దొరకలేదు.

ఫెర్రిక్‌లో వేసే ముందు ఆ చోటుని తినకుండా వార్నిష్ పూసేశాను. ఇప్పుడు అచ్చులో గడియారమంతా ఉంది, నడుమ తెల్లటి గుండ్రం.

ప్రచురణకర్తకి ఫోన్ చేశాను. గడియారం సొంతదారు ఎక్కడో ప్రయాణంలో ఉన్నాడు, ఇంకో ఫొటో కుదరదు. "ఆ ఒక్క ముక్కా చేత్తో గీసేయండి. మీకెంత పని!"

నిజమే. నాకెంత పని.

డిసెంబర్ 11

చెయ్యి బాగానే ఉంది.

డిసెంబర్ 12

చిత్తు రేకుల మీద సూదితో ప్రయత్నించాను. చుట్టకి చుట్ట తగులుతోంది. టీ ఎక్కువైంది, మానేసి మళ్ళీ ప్రయత్నించాలి. సూది కూడా పాతది. వెలుతురు కూడా సరిగ్గా లేదు.

సాయంత్రం సోఫాలో కూర్చుంటే చెల్లి అంది: "ఏంటక్కా, నాన్నలా కూర్చున్నావ్?"

చూసుకుంటే కుడి చెయ్యి తొడ కింద ఉంది.

నాన్న చివరి రోజుల్లో అలాగే కూర్చునేవాడు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కిటికీ పక్కన. అప్పటికి షాపు మూసేశాడు. టీ గ్లాసు పళ్ళెం మీద పెట్టేటప్పుడు టకటకా మోగేది. ఆ చప్పుడు వినపడకుండా అమ్మ పళ్ళెం ఇవ్వడం మానేసింది. నాన్న డాక్టరు దగ్గరికి వెళ్ళనేలేదు. ఏముందని వెళ్ళడం, వయసు అనేవాడు. వయసేమీ కాదు. అప్పటి ఆయన వయసు ఇప్పటి నా వయసు.

చెల్లికి "కాలికి చల్లగా ఉంది" అని చెప్పాను. అది నమ్మలేదు. నేనే నమ్మలేదు, అదెలా నమ్ముతుంది!

డిసెంబర్ 14

ముందు ఒక చిత్తు రేకు మీద మెత్తమైనంతో చేసి చూద్దామనుకున్నాను. మైనంలో కొవ్వు కలిపితే అది ఆరదు, జిగటగానే ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో గీస్తే, నొక్కిన చోట మైనం కాగితం అడుగుకి అంటుకుని లేచిపోతుంది. అచ్చులో అచ్చం పెన్సిల్ గీతలా పడుతుంది. సూది గీతంత సన్నం కాదు, కాబట్టి అటూ ఇటూ అయినా కనపడదు. అదీ నా లెక్క.

దీంతో ఒక చిక్కుంది. పెన్సిల్ ఒక్కటే కాదు, తగిలిన ప్రతిదీ దిగుతుంది. మణికట్టు ఆనితే అరచేతి మడతలు, చొక్కా చేయి తగిలితే బట్ట నేత. అందుకే చెయ్యి గాలిలో పెట్టి గీశాను. చిటికెన వేలు ఒక్కటి ఆనించానేమో, గుర్తు లేదు.

అచ్చు చూసి చక్రం లేచాడు. భూతద్దం తెచ్చుకున్నాడు.

"స్ప్రింగు పక్కన ఈ చుక్కలేంటి?"

"ఇసుక పడి ఉంటుంది."

ఆయన భూతద్దం కింద పెట్టాడు. "ఇసుకైతే వరసలో పడదమ్మాయ్" అని చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

డిసెంబర్ 15

ఇసుకే.

డిసెంబర్ 17

నిద్ర లేస్తూనే ఆ చుక్కలు గుర్తొచ్చాయి. భయంగా కాదు, అదే వింత. పక్కపక్కన సమానమైన ఎడంతో, కుట్టు మిషన్ కుట్టినట్టున్నాయి. కావాలని పెట్టినా నేనంత సమానంగా పెట్టలేను. నా చేతికి ఇంత లెక్క ఎక్కడిది?

తెలుసుకోవాలనిపించింది. ఈసారి నిజంగానే కుతూహలం.

వర్క్‌షాప్‌లో ఎవరూ రాకముందు చిన్న రేకులు మూడిటికి మెత్తమైనం పూసి పెట్టుకున్నాను. మొదటిదాని మీద కాగితం వేసి చెయ్యి ఊరికే ఆనించాను. రెండోదాని మీద పెన్సిల్ పట్టుకుని, గీయకుండా, మొన మాత్రం తగిలించి ఉంచాను. మూడోదాని మీద తిన్నగా ఒక గీత గీశాను. మూడిట్నీ ఫెర్రిక్‌లో వేసి, చక్రం రాగానే అచ్చు తీయమన్నాను. ఏం అచ్చు అని ఆయన అడగలేదు.

మూడోది దువ్వెన పళ్ళలా వచ్చింది. రెండోదాంట్లో చుక్కల గుంపు. అవి చూసి ఆశ్చర్యపోలేదు. మొదటిది చూసి ఆశ్చర్యపోయాను. అందులో నా అరచెయ్యి ఉంది, వేళ్ళ మీది గీతలతో సహా, ఎక్కడా చెదరకుండా. మెత్తమైనం ఏదీ దాచదు. అందులో వణుకు లేదంటే లేనట్టే.

చెయ్యి ఊరికే ఉంటే వణకదు. పని చేస్తేనే వణుకుతుంది.

ఇదేం తీరు? మామూలుగా అందరూ భయపడేది ఊరికే ఉన్నా వణికే చేతి గురించి కదా? రెంటికీ తేడా ఉందా? ఎవర్నడగాలి?

ఎవర్నడగాలో తెలుసు.

డిసెంబర్ 18

చక్రం ప్రెస్సు తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నా భుజం పట్టేసినప్పుడు ముందు ఎవరికి చెప్పాను?"

నాకే చెప్పాడు. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకముందు. ఇద్దరం కలిసి ప్రెస్సుకి గేరు పెట్టించాం, అప్పట్నుంచీ చక్రం వేళ్ళతో తిప్పినా తిరుగుతుంది.

"చక్రం తిప్పలేనివాణ్ణి చక్రం అని ఎవరు పిలుస్తారే అని ఆ రోజు ఏడ్చాను నీ ముందు. నువ్వేమో నాకు ఇసుక కబుర్లు చెప్తున్నావ్."

నాలిక్కరుచుకున్నాను. చెయ్యి చూపించాను. బ్రష్షు పట్టుకుని, చాచి, ఎంతసేపు వణికితే అంతసేపు. ఇంతవరకూ ఏ మనిషి ముందూ అలా చాచలేదు.

ఆయన చూశాడు. "నొప్పి ఉందా?"

"లేదు."

"మరి నాన్నగారిదీ ఇలాగే ఉండేదా?"

"అదే తెలీదన్నయ్యా. ఆయన చూడనిచ్చేవాడు కాదు."

భయమేస్తోందని చెప్పాను. సూది పట్టుకోలేకపోతే నేనెవర్ని? ఈ ప్రశ్న ఇన్ని రోజులుగా ఈ డైరీలో కూడా రాయలేదు.

డిసెంబర్ 21

డాక్టరు దగ్గరికి చెల్లి వెంట వచ్చింది. దానికి ఎప్పట్నుంచో తెలుసట. "కూర తరిగేటప్పుడు నువ్వు కత్తి నాకిస్తున్నావ్, నేను లెక్కల టీచర్ని, కూడుకోలేనా?" అంది దారిలో. మొహం కోపంగానే ఉంది, చెయ్యి మాత్రం నా మోచేయి వదల్లేదు.

డాక్టరు వయసులో చిన్నది. నేను సంచిలోంచి మూడు అచ్చులు తీసి బల్ల మీద పరిచాను. మాట్లాడటం కన్నా అదే తేలిక.

"ఇవేంటండీ?"

చెప్పాను. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూసింది. "చేతికి ఈసీజీ తీసినట్టుందే! ఇలా ఎవరూ తేలేదు నాకు." అరచేతి అచ్చు మీద వేలు పెట్టి, "ఇది మంచి మాట చెప్తోంది" అంది.

నాన్న గురించి అడిగింది. మోగే గ్లాసు గురించి చెప్పాను. చేతులు తిప్పించింది, చాపించింది, ముక్కు తాకించింది, నడిపించింది. తర్వాత తెల్లకాగితం ముందు పెట్టింది.

"చెయ్యి ఆనించకుండా, మధ్యలోంచి మొదలుపెట్టి చుట్టలు చుట్టలుగా గీయండి."

నవ్వాపుకోలేకపోయాను. ఇన్ని రోజులుగా నేను ఏ బొమ్మ నుంచి పారిపోతున్నానో సరిగ్గా అదే గీయమంటోంది! డాక్టరు కంగారుపడింది. చెల్లి, "మా అక్క అంతేనండీ" అంది.

గీశాను. కాగితమంత పెద్దగా. ప్రతి చుట్టా అలలు అలలుగా వచ్చింది, కానీ ఒక చుట్టకి ఇంకో చుట్ట తగల్లేదు. అంత పెద్దగా గీస్తే తగలదు.

ఇది కుటుంబాల్లో వచ్చేదట. పని చేసేటప్పుడు వణుకు, ఊరికే ఉంటే ఉండదు. ప్రాణానికి ఏమీ కాదు. పూర్తిగా పోదు, మెల్లగా పెరగొచ్చు, మందుతో కొంత తగ్గుతుంది. "మీ నాన్నగారిదీ ఇదే అయి ఉండొచ్చు. అప్పుడు కూడా మందుండేది" అంది.

లేచేటప్పుడు ఆ కాగితం అడిగాను. ఫైల్లో ఉండాలంది. ఇంకోటి గీసి అది ఫైలుకిచ్చి, మొదటిది తెచ్చుకున్నాను.

డిసెంబర్ 22

నాన్న చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకున్నా కదిలి ఉండేవి కావు.

పొద్దుటి నుంచి ఇదే తిరుగుతోంది. వణుకు కనపడకూడదని తొడల కింద పెట్టుకున్నాడనుకున్నాం అందరం. ఊరికే ఉన్న చేతిలో దాచడానికి ఏమీ లేదు. ఆయన ఆపుకున్నది వణుకుని కాదు. బల్ల మీద ఎవరి గడియారమో ఆగిపోయి కనిపిస్తే చెయ్యి దానంతటదే వెళ్తుందని ఆపుకున్నాడు.

చెల్లికి చెప్పాను. ఇద్దరం ఏడ్చాం. ఒక్క మందు చీటీ దూరంలో ఉన్న మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఉంచాం. చాలా కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియడం లేదు.

డిసెంబర్ 23

మందు మొదలు. మగతగా ఉంది.

డిసెంబర్ 26

జిరాక్స్ షాపు. డాక్టరు దగ్గర గీసిన చుట్టని చిన్నది చేయించాను, ఇంకా చిన్నది, ఇంకా. వేలిగోరంత అయ్యేదాకా. బొమ్మ చిన్నదవుతుంటే వణుకూ దాంతోపాటు చిన్నదవుతోంది! పెద్దగా గీసి చిన్నగా దించొచ్చు. ఇంత తేలికైన సంగతి ఇన్ని రోజులు ఎందుకు తట్టలేదు? చిన్నగానే గీయాలని పట్టుబట్టి కూర్చున్నాను కాబట్టి.

షాపు కుర్రాడు, "తిప్పి తీయాలాండీ?" అన్నాడు. పోయినసారి గుర్తుంది కాబోలు.

"వద్దు బాబూ. నలుపు తెలుపు మాత్రం మార్చు. తిప్పొద్దు."

చెల్లి తనే ఇస్త్రీ పెట్టె తెచ్చిచ్చింది, ఒక పాత గుడ్డతో సహా. తెల్లటి గుండ్రంలో కాగితం బోర్లా వేసి అదిమాను. పట్టుకోడానికి రెండు చేతులూ వాడాను. నానబెట్టి రుద్దితే దిగింది. మిగతా రేకంతా వార్నిష్ పూసి ఫెర్రిక్‌లో వేశాను. వార్నిష్ పూసేటప్పుడు బ్రష్షు వణికింది. వార్నిష్‌కి పట్టింపు లేదు.

డిసెంబర్ 28

చక్రం కాగితం ఎత్తేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. ఎన్నో వందల అచ్చులు తీయించినదాన్ని, కొత్తగా చేరినదానిలా.

ఆయన భూతద్దం కోసం తడుముకునే చప్పుడు వినపడింది. నేను కళ్ళు తెరిచాను. పళ్ళచక్రాలన్నీ ఫొటోలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, బిగుసుకుపోయి. నడుమ నా స్ప్రింగు, సన్నటి వణుకుతో. మామూలు కంటికి అది వణుకని తెలియదు. ఆ ఒక్క చోటే చూపు నిలవదు, అంతే.

"అమ్మాయ్," అన్నాడు చక్రం, భూతద్దంలోంచి తల ఎత్తకుండా, "ఇది నడుస్తోంది."

డిసెంబర్ 30

అచ్చులు ప్రచురణకర్తకి అందాయి. స్ప్రింగు అంత సన్నగా ఎలా గీశారని అడిగాడు. పెద్దగా గీశానని చెప్పాను. అర్థం కాలేదు ఆయనకి.

సాయంత్రం చెల్లి టీ ఇచ్చింది. పళ్ళెం కూడా అడిగాను. తెచ్చింది. గ్లాసు పెడుతుంటే కాస్త మోగింది, నాన్నదంత కాదు. చెల్లి విననట్టు పేపర్లు దిద్దుకుంటోంది.

"విన్నావా?" అన్నాను.

"విన్నా" అంది.

రేపు నాన్న పనిముట్ల పెట్టె అటక మీంచి దించాలి. లోపల ఏమేం ఉన్నాయో చూడాలి.